గుట్ట మీద మూతలాట

నిచ్చెన రెండో మెట్టు మీదనే దేవుణ్ణి తలుచుకునే మనిషిని నేను. అలాంటిది ఈ వేసవిలో ఇనుప తాడుకు వేలాడే కుర్చీలో కూర్చుని, కాళ్లు గాల్లో ఊగుతుంటే, కళ్లు గట్టిగా మూసుకుని ఒక కొండ పైదాకా పోయాను. ఇందులో నా గొప్పేమీ లేదు. మా అల్లుడిది మిలిటరీ ఉద్యోగం, ఉత్తరాన ఒక కొండ ఊళ్లో ఉంటున్నాడు. మా అమ్మాయి సంధ్య రెండేళ్లుగా పోరి పోరి, చివరికి నన్ను అడగకుండానే టికెట్ తీసేసింది. ఆ కొండ వాలు మీద చలికాలమంతా మంచు పడుతుందట. జనం కాళ్లకు పొడవాటి బద్దలు బిగించుకుని పైనుంచి కిందికి జారుతారట. ఎండాకాలం వచ్చేసరికి మంచు కరిగి, వాలు నిండా మోకాలెత్తు గడ్డి మొలుస్తుంది. ఊరికే పడి ఉన్న ఆ వాలులో ఎవరో గడ్డి కోయించి, అక్కడక్కడా స్తంభాలు పాతి, ఒక్కో స్తంభానికి గొలుసులు వేలాడదీసి, వాటి కింద ఒక ఇనుప బుట్ట బిగించారు. పైనుంచి పళ్లెంలాంటి ప్లాస్టిక్ డిస్కు విసిరి బుట్టలో వేయాలి. ఎవరు తక్కువ విసుర్లలో వేస్తే వాళ్లు గెలిచినట్టు. దీన్ని డిస్క్ గోల్ఫ్ అంటారని పదకొండేళ్ల మా మనవరాలు శ్రావ్య నాకు పాఠం చెప్పింది.

మొదటి రెండు బుట్టల దగ్గర నేను గడ్డిలో కూర్చుని చూశాను. మూడో బుట్ట పైనుంచి కనిపించదు. మధ్యలో నేల కొంచెం ఉబ్బెత్తుగా ఉండి దాన్ని కప్పేస్తుంది. శ్రావ్య ఒక ఎర్ర డిస్కు నా చేతిలో పెట్టి, నేను వద్దనేలోపే కిందికి పరుగెత్తి, ఆ ఉబ్బెత్తు మీద బుట్టకు సూటిగా నిలబడి చెయ్యి పైకెత్తింది. "అమ్మమ్మా, నా చెయ్యి చూసి వెయ్యి! కరెక్టుగా నా వైపే!" అని కేకేసింది. అంతే, నా వేళ్లు చల్లబడిపోయాయి. గడ్డిలో కూలబడి, డిస్కును తొడ కింద దాచేశాను. సంధ్య పరుగున వచ్చి, "అమ్మా, పొద్దున బీపీ గోలీ వేసుకున్నవా లేదా?" అని గద్దించింది. వేసుకున్నానని తల ఊపాను. బీపీకీ ఈ భయానికీ సంబంధం లేదని ఎలా చెప్పను? ఈ ఆట నాకు తెలుసు. శ్రావ్య ఈడులో ఉన్నప్పుడే ఆడి, ఒక మధ్యాహ్నం మానేశాను.

అప్పుడు మా ఇల్లు బాన్సువాడ చివర, గుట్ట కింద ఉండేది. మా నాయన లారీ డ్రైవరు. మద్నూర్ దాటి మహారాష్ట్ర వైపు పోతే వారం పది రోజులకు గానీ ఇంటి ముఖం చూసేవాడు కాదు. ఇంట్లో అమ్మ, నేను, మా నాయనమ్మ. నాయనమ్మను అవ్వ అనేవాళ్లం. అమ్మ బీడీలు చుట్టేది. పక్కింటి ఖైరున్నిసా చాచీ కూడా చుట్టేది. పొద్దున వంటలు కాగానే ఇద్దరూ మా అరుగు మీద ఎదురుబొదురుగా కూర్చుని, ఒళ్లో చాటలు పెట్టుకుంటే మళ్లీ దీపాల వేళకే లేచేవాళ్లు. రాత్రి నానబెట్టి తడిగుడ్డలో చుట్టిన తునికాకు వాసన, దాని మీద బీడీల్లో నింపే తంబాకు పొడి ఘాటు, చాచీ నమిలే పాన్ వాసన, ఈ మూడూ కలిసిన గాలి మా ఇంటి గాలి. బడికి పోతే నా పుస్తకాలు కూడా అదే వాసన వేసేవి. చాచీ దక్కనీ ఉర్దూలో ఏదో అనేది, అమ్మ తెలుగులో జవాబిచ్చేది, ఇద్దరి వేళ్లు మాత్రం ఆగేవి కావు. కత్తెరకో దారానికో వేలు తెగితే లేచి మందు వెతికే పని లేదు. చాటలోంచి చిటికెడు తంబాకు తీసి గాయం మీద అదిమి, మళ్లీ చుట్టడమే. రక్తం ఆగేది. మంట పుట్టేది, కానీ మంట పుడితే మందు పనిచేస్తున్నట్టే అనుకునేవాళ్లం. బీడీల ఇళ్లల్లో పుట్టిన పిల్లలకు అదే వైద్యం, ఇంకోటి తెలియదు.

చాచీ కూతురు నసీమ్. నాకంటే నెల రోజులు పెద్ద, ఆ నెల పెద్దరికాన్ని ఎన్నడూ మరిచేది కాదు. బడి వదలగానే మేమిద్దరం చుట్టిన బీడీల మూతులు మడిచేవాళ్లం. వారానికోసారి బీడీ కార్ఖానాకు పోయి రెండిళ్లకు ఆకు, తంబాకు తెచ్చే పని కూడా మాదే. "తొవ్వల యాడ ఆగొద్దు. సీదా ఇంటికి రావాలె," అని అవ్వ ప్రతిసారీ చెప్పేది. అవ్వ గడప మీద కూర్చుని పప్పు ఏరుతూనో, సాసర్లో చాయ్ ఊదుకుంటూనో ఊళ్లో ఎవరు ఎటు పోతున్నారో లెక్క తీసేది. ఆమె నన్ను ఒక్క దెబ్బ కూడా కొట్టలేదు. కొట్టాల్సిన అవసరమే రాలేదు. "అబద్ధమాడినోళ్ల కండ్లల్ల కారం పెడ్త," అని చాలా నెమ్మదిగా, వేళ్ల మధ్య పప్పు గింజ తిప్పుకుంటూ అనేది. ఆ నెమ్మదికే నాకు వణుకు పుట్టేది. ఎక్కడా ఎవరికీ పెట్టగా చూడలేదు, అయినా పెడుతుందనే నమ్మాను. నసీమ్ నాకంటే ఎక్కువ నమ్మింది.

కార్ఖానా నుంచి ఇంటికి వచ్చే దారి గుట్ట మీదుగా పోతుంది. గుట్ట మీద మా ఆట ఉండేది. దానికి మేం పెట్టుకున్న పేరు మూతలాట. డాల్డా డబ్బా మూతలు, బిస్కెట్ డబ్బా మూతలు, ఏది దొరికితే అది పోగుచేసి బండల సందున దాచేవాళ్లం. పొలాల్లో పారేసిన చివికిన గంపలను తెచ్చి, ఒకటి సీతాఫలం చెట్టు కింద, ఒకటి పెద్ద బండ వెనక, ఒకటి ఇంకా కింద కాలువ నీళ్లు పారే పొలాల అంచున, అలా నాలుగైదు చోట్ల పెట్టేవాళ్లం. పైనుంచి మూత విసిరి గంపలో వేయాలి. పడకపోతే పడిన చోటి నుంచి మళ్లీ విసరాలి. బండ వెనకున్న గంప పైకి కనిపించదు. అందుకని ఒకరు కిందికి పోయి గంప పక్కన నిలబడి చెయ్యి ఎత్తాలి. విసిరేవాళ్లు ఆ చెయ్యిని చూసి విసరాలి. మా మీద ఎవరి కళ్లూ ఉండేవి కావు. ఆ గుట్ట మీద మేం ఏం చేస్తున్నామో భూమ్మీద ఒక్క పెద్దమనిషికీ తెలియదు. అదే అప్పుడు మాకు స్వర్గంలా ఉండేది.

నసీమ్ విసిరితే మూత నీళ్ల మీద పడవలా తేలుతూ పోయేది. నేను విసిరితే గాలికి పక్కకు తిరిగిపోయేది. ఓడి ఓడి నాకు ఒళ్లు మండిపోయింది. ఒకరోజు ఒక బరువైన రేకు మూత సంపాదించి, గాలిని కోసుకుంటూ సూటిగా పోతుందని దాని అంచును రెండు రోజులు బండకు రుద్దాను. నునుపు చేస్తున్నానని అనుకున్నాను, పదును పెడుతున్నానని తట్టలేదు. ఆ వారం కార్ఖానా నుంచి వస్తూ గుట్ట మీద ఆగాం. తంబాకు సంచి బండ మీద పెట్టాం. నసీమ్ కిందికి దిగి, పెద్ద బండ పక్కన నిలబడి చెయ్యి ఎత్తి, "మార్! సీదా నా దిక్కే మార్!" అంది. నేను ఒళ్లంతా తిప్పి విసిరాను. మూత ఈసారి పక్కకు పోలేదు. నా జన్మలో నేను విసిరిన ఒకే ఒక్క సూటి విసురు అది.

నసీమ్ అరవలేదు. చెయ్యి దించి, మెల్లగా కూర్చుంది. నేను పడుతూ లేస్తూ దిగి చూసేసరికి కుడి కనుబొమ్మ చీలి, రక్తం కంట్లోకి, చెంప మీదికి, కమీజు మీదికి కారుతోంది. ఎవరైనా వస్తే బాగుండునని ఒకసారి, ఎవరూ రాకపోతే బాగుండునని ఒకసారి అనిపించింది. అప్పుడు నాకు తెలిసిన ఒకే ఒక్క మందు గుర్తొచ్చింది. పైకి పరుగెత్తి సంచి విప్పి పిడికెడు తంబాకు తెచ్చి గాయం మీద అదిమాను. చిటికెడుతో ఆగేదాన్నే, కానీ రక్తం ఎక్కువ ఉంది కదా, మందు కూడా ఎక్కువ కావాలనుకున్నాను. తంబాకు రక్తంతో కలిసి కంట్లోకి జారింది. అప్పుడు అరిచింది నసీమ్. ఆ అరుపు నేను రాయలేను. కాలువ దాకా నడిపించుకుపోయి నీళ్లు కొట్టాను, నా లంగా అంచుతో తుడిచాను. ఎంత తుడిస్తే అంత గింజుకుంది. చివరికి తనే నా చెయ్యి పట్టుకుని, "రాయి మీద పడ్డ అని చెప్త. నువ్వేం మాట్లాడకు," అంది.

నేనేం మాట్లాడలేదు. ఇంట్లో అందరూ రాయినే నమ్మారు. రెండో రోజుకు కన్ను వాచి మూసుకుపోయింది, జ్వరం వచ్చింది. చాచీ, అమ్మ కలిసి దవాఖానకు తీసుకుపోతే నేనూ వెంట పోయాను. డాక్టర్ రెప్పలు విప్పి చూసి, "కంట్లో ఏమన్నా పడిందా? ఏమన్నా పెట్టారా?" అని ఒకటికి రెండుసార్లు అడిగాడు. చాచీ లేదంది, ఆమెకు నిజంగానే తెలియదు. నసీమ్ తెరిచి ఉన్న కంటితో నా వైపు చూసింది. చెప్పమనా, చెప్పొద్దనా? నాకు ఆ చూపు ఇప్పటికీ అర్థం కాలేదు. తంబాకు అన్న మాట నా నాలుక మీద ఉంది. దాని వెనకే పప్పు గింజ తిప్పే అవ్వ వేళ్లు కనిపించాయి. మింగేశాను. డాక్టర్ మందు వేసి కట్టు కట్టాడు.

ఆ తరువాతి రోజులు ఎలా గడిచాయో నాకు తెలుసు, దేవుడికి తెలుసు. బీడీల మూతులు మడుస్తుంటే చాటలో తంబాకు వైపు చూడలేకపోయేదాన్ని. అవ్వ చాయ్ తాగి సాసరు కింద పెట్టిన చప్పుడుకు కూడా ఉలిక్కిపడేదాన్ని. అరుగు మీద చాచీ చుట్టుడు మాత్రం ఆపలేదు, చుడుతూనే మధ్యలో దుపట్టాతో కళ్లు తుడుచుకునేది. "అల్లా, బచ్చీ కన్ను కాపాడు," అని ఆమె అన్నప్పుడల్లా మా దేవుళ్లందరికీ నేనూ అదే చెప్పుకునేదాన్ని. కానీ నిజం చెప్పాలంటే నా మొక్కులో ఇంకో మాట కూడా ఉండేది. కన్ను బాగు కావాలి, దాంతోపాటు ఈ సంగతి బయట పడకూడదు. ఏది ముందు మొక్కేదాన్నో ఇప్పుడు చెప్పడానికి సిగ్గుగా ఉంది.

కట్టు విప్పిన రోజు డాక్టర్ చాచీని నసీమ్ ఎడమ కన్ను అరచేత్తో మూయమన్నాడు. తను ఎదురుగా నిలబడి వేళ్లు చూపించాడు. "ఎన్ని?" "మూడు." "ఇప్పుడు?" "ఒకటి." "ఇప్పుడు?" "నాలుగు." అన్నీ సరిగ్గానే చెప్పింది. నల్లగుడ్డు పైకి మామూలుగానే ఉంది, కనుబొమ్మ మీద గీత ఒక్కటి మిగిలింది. చాచీ దవాఖాన మెట్ల మీదే కూర్చుని ఏడ్చింది. ఇంటికి వచ్చాక అవ్వ స్వయంగా ఇంటింటికీ చక్కెర పంచింది. నేను ఆ రాత్రి పది రోజుల నిద్ర పోయాను. మూతలన్నీ కాలువలో పారేశాను. ఇక చెప్పాల్సిన పనేముందిలే అనుకున్నాను, అలా అనుకోవడానికి పెద్ద కష్టం కూడా పడలేదు. ఎవరూ అడగలేదు, నేను పెద్దదాన్నయ్యాను, టీచరునయ్యాను, అబద్ధాలాడిన పిల్లలను ముప్పై ఏళ్లు బెంచీ ఎక్కించాను.

ఆ కొండ మీద శ్రావ్య డిస్కు ఇవ్వమని వచ్చి నా పక్కన కూర్చుంటే, పైన చెప్పిందంతా దానికి చెప్పేశాను. ఎవరికైనా చెప్పడం అదే మొదటిసారి. అది భయపడుతుందనుకున్నాను. భయపడలేదు. "మరి నసీమ్ అమ్మమ్మకు సారీ చెప్పినవా?" అని అడిగింది. ఈ కాలం పిల్లలు వేరు. ఆ వాలు మీద అడుగడుగునా మందుల పెట్టె ఉంది, చేతిలో ఫోను ఉంది, చూసేవాళ్లు ఉన్నారు. శ్రావ్య గ్లాసు పగలగొడితే ముక్కలు ఎత్తకముందే వచ్చి వాళ్లమ్మకు చెప్పేస్తుంది. చెబితే ఏమవుతుందో దానికి తెలుసు, ఏమీ కాదు. మాకు గుట్టంతా ఉండేది, పొలాలుండేవి, కాలువ ఉండేది, చెప్పుకోవడానికి మాత్రం ఒక్క మనిషి ఉండేది కాదు. ఆ రోజులు బంగారమని నేను కూడా నలుగురిలో అంటూ ఉంటాను. ఇక అనను.

బాన్సువాడకు తిరిగొచ్చిన మర్నాడే నసీమ్ ఇంటికి పోయాను. ఇప్పుడు ఇదే ఊళ్లో కొడుకు దగ్గర ఉంటోంది, కాళ్ల నొప్పులని మంచం మీదనే కూర్చుని మటర్ కాయలు ఒలుస్తోంది. కొండ ఆట గురించి చెప్పాను. శ్రావ్య అడిగిన మాట చెప్పి, "దవాఖానల తంబాకు సంగతి నేను అప్పుడే చెప్పాల్సి ఉండె నసీమ్. భయపడ్డ. మాఫ్ చెయ్యి. నసీబు బాగుండి నీ కన్ను దక్కింది," అన్నాను. నసీమ్ ఒలవడం ఆపింది.

"దక్కలేదే," అంది.

"ఏంది నసీమ్?" అన్నాను.

"గీ కుడి కన్ను గప్పటి సంది కనవడలే. ఎలుగు తెలుస్తది, గంతే. గా దినం దవాఖానల అమ్మీ చెయ్యి అడ్డం పెట్టింది గద, వేళ్ల సందులకెళ్లి ఎడమ కన్నుతోని చూసి చెప్పిన."

"ఎందుకే? ఎందుకట్ల చెప్పినవ్?"

"కనవడ్తలేదంటే ఎందుకు కనవడ్తలేదని అడుగుతరు. అడిగితే నీ పేరు అస్తది. అవ్వ నీ కండ్లల్ల కారం పెడ్తదనుకున్న." మటర్ కాయ ఒకటి చేతిలో అటూ ఇటూ తిప్పింది. "నాది ఒక్కటే పాయె. నీయి రెండు పోతయనుకున్న. చిన్నపోరిని, గంతే తెలివి."

నేను ఏడ్చాను. అరవై దాటిన మనిషిని, పక్క గదిలో కోడలు ఉందన్న సిగ్గు కూడా లేకుండా ఏడ్చాను. సూదిలో దారం ఎప్పుడూ నన్నే ఎక్కించమనడం, సైకిల్ నేర్చుకుందామంటే రానని మొండికేయడం, రోడ్డు మీద నన్ను తన కుడివైపుకు తోసి నడవడం, అన్నీ ఒక్కటొక్కటే వచ్చి మీద పడ్డాయి. ఇన్నేళ్లు ఎందుకు చెప్పలేదని అడిగితే, ముందు పెండ్లి కాదని చెప్పలేదంది, తరువాత చెప్పి ఏం లాభమంది. ఆ తరువాత ఇంకో మాట అంది. ఆ మాటతో నా ఏడుపు ఆగిపోయింది.

"ఇగ ఎడమ దాంట్ల పొర అచ్చింది. మనుషులు మసక మసక కనవడ్తుండ్రు. ఆపరేషన్ చెయ్యాలంటున్నరు. ఉన్నదొక్కటే కన్ను, అది గూడ ఖరాబైతే? గందుకే రెండేండ్ల సంది పోతలేను. పిల్లలకు గీ సంగతి తెల్వది, రెండు మంచిగున్నయనుకుంటుండ్రు. నాకు భయమైతుందే పద్మా."

పిల్లలకు అప్పుడే అక్కడే చెప్పించాను. కొడుకు తల పట్టుకున్నాడు. మర్నాడు నసీమ్‌ను బస్సు ఎక్కించుకుని నిజామాబాద్‌లో కంటి డాక్టరు దగ్గరకు తీసుకుపోయాను. దారి పొడుగునా ఆమె నా చెయ్యి వదల్లేదు, నాది ఆమెకు ధైర్యమో ఆమెది నాకు ధైర్యమో తెలియలేదు. డాక్టరమ్మ మా సంధ్య కంటే చిన్నది. కుడి కన్ను చూసి ఆగిపోయింది. "పెద్దమ్మా, ఇది చాలా పాతది. ఏమైనా దెబ్బ తగిలిందా?" అని అడిగింది. నసీమ్ నోరు తెరిచింది. రాయి మీద పడ్డానని చెప్పబోతోందని నాకు తెలుసు, అంత కాలంగా అదే చెప్పి చెప్పి ఆమెకు అలవాటైపోయింది. నేను ముందే అందుకున్నాను.

"రాయి కాదమ్మా. రేకు మూత. నేనే విసిరిన. ఆ తరువాత గాయం మీద పిడికెడు తంబాకు పెట్టింది కూడ నేనే. అది కంట్లకు పోయింది. అప్పటి డాక్టర్ రెండుసార్లు అడిగిండు. నేను చెప్పలే."

డాక్టరమ్మ రాయడం ఆపి నా ముఖం చూసింది. అక్కడితో ఊరుకోవాల్సింది. ఊరుకోలేకపోయాను. "ఆ రోజే చెప్పి ఉంటే, ఈ కన్ను దక్కేదా అమ్మా?" అని అడిగాను.

డాక్టరమ్మ పెన్ను బల్ల మీద పెట్టింది. జవాబు చెప్పడానికి గొంతు సవరించుకుంది. నసీమ్ చెయ్యి అడ్డం పెట్టింది.

"నక్కో, వద్దు డాక్టరమ్మా. గా ముచ్చట దీనికి చెప్పకుండ్రి. గీ ఎడమ కన్ను సంగతి చెప్పుండ్రి."

డాక్టరమ్మ మా ఇద్దరినీ ఒకసారి చూసి, టార్చి తీసుకుని ఎడమ కంటి మీదికి వంగింది. నేను కుర్చీ జరుపుకుని, నసీమ్‌కు కనిపించే వైపు కూర్చున్నాను.